గోదాదేవి కలలోని పెండ్లి పందిరి

ధనుర్మాసము ముగియు భోగి పండుగనాడు ఆంధ్రదేశమందలి వైష్ణవాలయములలో గోదాకల్యాణము జరుగును. నెల దినములు తెల్లవారుజామున తిరుప్పావై విన్న భక్తులు ఆనాడు పందిరి క్రింద చేరి, అమ్మవారి పెండ్లి కన్నులార చూచి, తలంబ్రాలు శిరమున ధరించి, ప్రసాదము స్వీకరించి ఇండ్లకు పోవుదురు. కొలది దినములకే మాఘమాసము వచ్చును. ఆ యిండ్లలోనే పెండ్లి ముహూర్తములు కుదురును. అప్పుడు మాత్రము మొన్న చూచిన పెండ్లి ఎవరికిని జ్ఞప్తికి రాదు. మండపమునకెంత, వంటవారికెంత, అలంకరణకెంత, మగపెండ్లివారికి ముట్టజెప్పవలసిన దెంత అను లెక్కలతో తండ్రికి నిద్ర పట్టదు. పొరుగూరి పెండ్లిలో చూచిన వేడుక తమ పెండ్లిలోనూ ఉండవలెనని పిల్లలు కోరుదురు. పెండ్లి దినమును ఎట్లు తీర్చిదిద్దుకొనవలెనో తెలియజెప్పుటకు తమ సంప్రదాయములోనే ఒక పెండ్లికూతురు స్వయముగా చెప్పిన మాటలున్నవని వారికి తోచదు.

ఆ పెండ్లికూతురు గోదాదేవియే. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుల వారి తోటలో తులసి పాదున దొరికిన శిశువు ఆమె. తండ్రి స్వామికి కట్టిన మాలలను తాను ముందుగా ధరించి చూచుకొని సమర్పించుటచేత ఆముక్తమాల్యద యైనది. ఆమె కథను కృష్ణదేవరాయలు ప్రబంధముగా రచించుట, అట్లు రచింపుమని కృష్ణాతీరపు శ్రీకాకుళములో ఆంధ్రమహావిష్ణువు ఆయనకు కలలో ఆనతిచ్చుట తెలుగువారెరిగినవే. ఆమె అనుగ్రహించిన తిరుప్పావై 30 పాశురములు ఇంటింట వినవచ్చును. రెండవ ప్రబంధమగు నాచ్చియార్ తిరుమొళిలో 143 పాశురములు గలవు. అందు ఆరవ దశకమున ఆమె తన చెలికత్తెకు తాను కనిన కలను చెప్పుచున్నది. ఆ కల ఆమె పెండ్లియే. శ్రీవైష్ణవుల యిండ్ల పెండ్లిండ్లలో ఈ దశకమును అనుసంధించుచు, వధూవరుల నడుమ కొబ్బరికాయలు దొర్లించు వేడుక నేటికిని కలదు. కాయలు దొర్లుచుండగా అందరును నవ్వుదురు. పాశురమున ఏమున్నదో వినువారు తక్కువ.

అందేమున్నదనగా, మొదట ఊరంతయు తోరణములు కట్టుదురు. బంగారు పూర్ణకుంభములు నిలుపుదురు. వేయి యేనుగులు చుట్టును నడువగా నారాయణుడు విచ్చేయును. పోక చెట్లతో అలంకరించిన పందిరిలోనికి సింహకిశోరము వలె మాధవుడు ప్రవేశించును. ఇంద్రాది దేవతలు వచ్చి పిల్లనడుగుదురు. అంతరి యను పేరుగల దుర్గ నూతనవస్త్రము కట్టించి మాల వేయును. బ్రాహ్మణోత్తములు నాలుగు దిక్కుల తీర్థములు తెచ్చి ప్రోక్షించి కంకణము కట్టుదురు. కన్నెపిల్లలు దీపములతో, కలశములతో ఎదురేగుదురు. మద్దెలలు మ్రోగగా, శంఖములూదగా, ముత్యాల సరములు వ్రేలాడు పందిరి క్రింద మధుసూదనుడు పాణిగ్రహణము చేయును. వేదఘోష నడుమ అగ్నికి ప్రదక్షిణము. పిదప స్వామి తన శ్రీహస్తముతో ఆమె పాదమును ఎత్తి సన్నికల్లుపై నుంచును. అన్నదమ్ములు ముందుకు వచ్చి ఆమె చేతిని అచ్యుతుని చేతిపై ఉంచి పేలాలు పోయుదురు. చివరకు కుంకుమ, చందనము పూసి, ఏనుగుపై నెక్కించి, ఊరి వీథులలో త్రిప్పి, మంగళస్నానము చేయింతురు.

ఈ కలలో ఏనుగులు, ముత్యములు, బంగారు కుంభములు ఉన్నవి గదా, ఇది ఆడంబరము కాదా అని యెవరైన నడుగవచ్చును. కల గనుటకు ఖర్చు లేదు. అయినను ఆ పది పాశురములను మరల చదివినచో వేరొక విశేషము కనబడును. ప్రతి ఘట్టమునందును ఎవరో ఒకరు ఒక పని చేయుచున్నారు. తోరణములు కట్టినవారు ఊరివారు. చీర కట్టించినది ఒకరు, తీర్థము తెచ్చినవారు వేరొకరు. దీపము పట్టినవారు, మద్దెల వాయించినవారు, పేలాలు పోసినవారు అందరును వేరువేరు మనుష్యులు. ఊరక కూర్చుండి చూచినవారు ఆ కలలో లేరు. వచ్చిన ప్రతివారికిని కైంకర్యము దొరకినది. ఆ పెండ్లి శోభ అంతయు అందున్నది.

అన్నదమ్ముల సంగతి మరింత లోతైనది. గోద తులసివనమున దొరకిన బిడ్డ. ఆమె తోబుట్టువులెవరో లోకమెరుగదు. ఆమెను పెంచిన పెరియాళ్వారు సైతము తన తిరుమొళిలో, ఒక్కగానొక్క కూతురిని పెంచి అత్తవారింటికి పంపిన తల్లి పలుకులుగా తన దుఃఖమును చెప్పుకొనెను. అట్టి పిల్ల తన కలలో అన్నదమ్ములను చూచుకొన్నది. లాజహోమమున వధువు దోసిట పేలాలు పోయవలసినవాడు సోదరుడు. సోదరుడు లేని పిల్ల ఆ క్షణమున ఎట్లు చూచునో పందిరిలో నున్న ఆడవారికి తెలియును. పురోహితుడు "అన్న గాని తమ్ముడు గాని రావలయును" అని కేక వేయగా ఇంటివారు అటునిటు చూచుకొందురు. ఎవరినో దూరపు చుట్టమును చేయి పట్టి లాగుకొని వత్తురు. అంతకంటె, పెండ్లికి నెల ముందుగనే పెదతండ్రి కుమారుని గాని, మేనత్త కొడుకు వరుస కాని మరియొకని గాని, చిన్ననాటి నుండి తోబుట్టువు వలె మెలగిన పొరుగింటి పిల్లవానిని గాని పిలిచి, "నీవు దీని అన్నవు, పేలాలు నీవే పోయవలెను" అని చెప్పినయెడల ఆ పిల్లకు జీవితాంతము ఒక పుట్టినిల్లు ఏర్పడును. గోదకు కలలో దొరకిన అన్నదమ్ములను ఈ పిల్లకు మెలకువలోనే చూపవచ్చును.

దుర్గ సంగతి వేరొక విధమైనది. యశోదకు పుట్టిన యోగమాయ యగుటచే ఆమె శ్రీకృష్ణునకు చెల్లెలు, గోదకు ఆడపడుచు. ఆడపడుచు చీర తెచ్చి, తన చేతులతో కట్టించి, మాల వేసినది. ఇప్పటి పెండ్లిండ్లలో ఆడపడుచు పేరెత్తగానే స్ఫురించునది లాంఛనము. ఆ లాంఛనము చాలలేదని విడిదిలో అలిగి కూర్చున్న ఆడపడుచులను, వారిని బ్రతిమాలలేక చేతులు నలుపుకొను పెండ్లికూతురి తండ్రులను చూడని ఊరు లేదు. వరుని వారు ఒక్క మార్పు చేసి చూడవలెను. పెండ్లికూతురికి కట్టబెట్టు చీరలలో ఒకదానిని ఆడపడుచే ఎంచి, తానే పట్టుకొని వెళ్ళి, వధువు గదిలో కూర్చుండి కట్టించి రావలెను. దానికి వ్యయము స్వల్పము. క్రొత్త యింటిలో ఆ పిల్లకు మొదటి చెలి ఆ గడియలో దొరకును.

కలలో లేనిది కూడ గమనింపదగినది. దేవతలు వచ్చి పిల్లనడిగిరి. ఇంత యిమ్మని అడిగినట్లు ఆ పాశురములలో ఎక్కడను లేదు. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. చట్టము వచ్చిన తరువాత కట్నము పేరు మారినది, బరువు తగ్గలేదు. ఈ విషయమున కొందరు ఏడుకొండలవానినే సాక్ష్యమునకు పిలుతురు. "స్వామియే కుబేరుని యొద్ద అప్పు చేసి పెండ్లి చేసికొనెను, మనమెంత" యందురు. వేంకటాచల మాహాత్మ్యము విన్నవారు ఒక్కమాట మరువరాదు. అప్పు చేసినవాడు వరుడు. పత్రము వ్రాసియిచ్చినవాడు వరుడు. ఆ ఋణభారమును నేటికిని మోయుచున్నవాడు వరుడే. స్వామిని అనుకరింపదలచిన మగపెండ్లివారు ఆ భాగమును గూడ అనుకరింతురు గాక!

పెండ్లి పద్ధతిని మార్చుకొనుటకు శాస్త్రము ఒప్పునా అని పెద్దలకు సందేహము కలుగును. ఆ సందేహము మంచిదే. గృహ్యసూత్రకారులు ఈ విషయమున ఆశ్చర్యకరమైన ఔదార్యము చూపిరి. వివాహమున దేశధర్మములు, గ్రామధర్మములు అనేక విధములుగా నుండునని, వానిని పాటింపవలెనని, తాను మాత్రము అందరికిని సమానమైన దానినే చెప్పుచున్నానని ఆశ్వలాయనుడు ముందుగనే తెలిపెను. ఆపస్తంబుడు మరియొక అడుగు ముందునకు వేసి, వివాహాచారములను స్త్రీల వలన తెలిసికొనుడనెను. ఆయనయే తన ధర్మసూత్రముల చివర, చెప్పక మిగిలిన ధర్మములను స్త్రీల నుండియు, సర్వవర్ణముల వారి నుండియు గ్రహింపుమనెను. పాణిగ్రహణము, హోమము, అశ్మారోహణము, సప్తపది వంటివి సూత్రము చెప్పినవి. వానిని తగ్గించుటకు వీలులేదు. తక్కినది ఇంటివారికి, ఊరివారికి వదలిన చోటు. తెలుగునాట పెండ్లికి గుండెకాయ యగు మంగళసూత్రధారణము సైతము ఆపస్తంబ గృహ్యమున కనబడదు. గోద కలలోను దాని ప్రస్తావన లేదు. అది ఆచారముగా ఆ ఖాళీ చోటనే వచ్చి, పవిత్రమై, స్థిరపడినది. కనుక ఆ చోటును దేనితో నింపుట యన్నదే గృహస్థుని యెదుట నున్న ప్రశ్న. అద్దె పూలతోను, దీపాల తోరణములతోను నింపవచ్చును. మనుష్యులతోను నింపవచ్చును.

పూర్వపు పల్లెలలో పెండ్లి యనగా ఊరంతటి చేతిపని. కుమ్మరి ఐరేని కుండలు తెచ్చెడివాడు. నేతవారు మధుపర్కములు నేసెడివారు. మేదరి అల్లిన బుట్టలో పెండ్లికూతురిని కూర్చుండబెట్టి మేనమామ ఎత్తుకొని వచ్చెడివాడు. మంగళవాద్యము లేక ముహూర్తము లేదు. రజకుడు నడకకు చీర పరచనిదే ఊరేగింపు కదలదు. ఆ చేతులన్నియు కలిసి పెండ్లి చేసెడివి. అయితే ఆ పెద్దకాలమును పొగడువారు ఒక లోపమును దాచరాదు. చేతులు పందిరిలోనికి వచ్చినవి గాని, మనుష్యులు రాలేదు. కుండ వేదికపై నుండగా కుమ్మరి గుమ్మము వెలుపల నిలిచెను. అందరును భుజించిన పిమ్మట, సంజవేళ, మిగిలినది వారి విస్తరిలో పడెను.

శ్రీవైష్ణవ సంప్రదాయము దీనిని అంగీకరింపదు. ఉరైయూరు మల్లుడైన ఉరంగావిల్లిదాసు కథ గురుపరంపరలో ప్రసిద్ధము. భార్యయగు పొన్నాచ్చి కన్నుల అందమునకు దాసుడై, ఎండ తగులకుండ ఆమెకు గొడుగు పట్టి, నలుగురు నవ్వుచున్నను లెక్కింపక వెనుక నడచుచుండెను. రామానుజాచార్యులు చూచి పరిహసింపలేదు, అంతకంటె అందమైన కన్నులను చూపెదనని శ్రీరంగనాథుని సన్నిధికి తీసికొనిపోయిరి. ఆ దంపతులిరువురును ఆచార్యుని శిష్యులైరి. అటుపిమ్మట రామానుజులు స్నానమునకు పోవునపుడు బ్రాహ్మణ శిష్యుని భుజముపై చేయి వేసి, స్నానము చేసి వచ్చునపుడు బ్రాహ్మణేతరుడైన ఉరంగావిల్లిదాసు చేయి ఊతగా గొని వచ్చెడివారు. ఇతరులు ఆక్షేపించినను మానలేదు. స్నానానంతరము ఆచార్యునికి ఏ స్పర్శ శుద్ధమో, పెండ్లి పంక్తిలో గృహస్థునికి ఆ స్పర్శ మైల కాజాలదు.

నేడు కుండలు సంతలో, మధుపర్కములు దుకాణములో దొరకును. అయినను చేయదలచినవారికి దారి యున్నది. కుండలు చేసిన ఇంటికి, చీర నేసిన ఇంటికి పెండ్లి పత్రిక స్వయముగా పట్టుకొని పోవచ్చును. వారిని మొదటి పంక్తిలో, చుట్టముల నడుమ కూర్చుండబెట్టి, ఇంటి యజమాని తన చేతితో వడ్డింపవచ్చును. పొలమున్నవారు పెండ్లి తలంబ్రాల బియ్యమునకై ఒక మడి ప్రత్యేకించి, కోసినవారి చేత, నూర్చినవారి చేతనే దంపించవచ్చును. భద్రాచల రాముని కల్యాణమునకు భక్తులు ప్రత్యేకముగ వరి పండించి, రోకటి పోటు తగులకుండ ఒక్కొక్క గింజను గోటితో ఒలిచి తలంబ్రాలు తెచ్చి సమర్పింతురు. ఊరిలోని ముసలివారు, పిల్లలు, చుట్టములు నెల దినములు సాయంకాలము కూడి గుప్పెడు గింజలైన గోట ఒలిచినచో, ఆ గుప్పెడు ముహూర్తపు తలంబ్రాలలో కలుపవచ్చును. పెండ్లినాటికి ప్రయాణము చేయలేని తాతగారి చేతి గింజలు మనుమరాలి తలపై పడును. వేదిక విషయమున మరియొక మాట. నడుము బంటి ఎత్తున కట్టిన వేదిక చూపులకు బాగుండును, మోకాళ్ళ నొప్పులుగల అమ్మమ్మ ఎక్కలేదు. క్రిందనే కూర్చుండి దూరమునుండి అక్షతలు విసరును, అవి నడుమనే రాలిపోవును. పందిరి నేలమీదనే వేసి, ఒక పీట యెత్తు అరుగు చాలుననుకొన్నచో ఆమె స్వయముగా వచ్చి తల నిమిరి పోవును.

మంత్రముల సంగతి చెప్పక విడువరాదు. పెండ్లి యెవరిదో వారికే అందలి మాటలు తెలియకుండుట ఈ కాలపు పెద్ద లోటు. పెండ్లికి ముందు ఒక పూట పురోహితుని ఇంటికి పిలిచి, వధూవరులను ఎదుట కూర్చుండబెట్టి, ఏ మంత్రమునకు ఏమి యర్థమో చెప్పించుకొనవలెను. సప్తపదిలో ఒక అడుగు అన్నమునకు, ఒకటి బలమునకు, ఒకటి వ్రతమునకు, ఒకటి సుఖమునకు, ఒకటి పశుసమృద్ధికి; ఇట్లు ఏడు. ప్రతి యడుగునను వరుడు వధువుతో చెప్పునది, విష్ణువు నీ వెంట వచ్చుగాక యని. ఏడు అడుగులు వేసిన పిదప ఆమెను సఖి యని సంబోధించును. ఆ సమయమున భజంత్రీల హోరు మిన్నుముట్టును. ఛాయాచిత్రములు తీయువారు ఇటు చూడుడని, మరల ఒక అడుగు వేయుడని చెప్పుదురు. విష్ణువును వెంట రమ్మని పిలిచిన మాట పిలిచినవానికే వినబడదు. ఆ ఏడు అడుగులు పూర్తియగువరకు మేళమును నిలిపి, మంత్రము అందరికిని వినబడునట్లు చదివించి, వెంటనే తెలుగున తాత్పర్యము చెప్పించుట యెంత సులభము! అట్లే సన్నికల్లు తొక్కించునపుడు వరుడు వధువు పాదమును పట్టుకొనగా స్నేహితులు పకపక నవ్వుదురు. గోద కలలో ఆ పాదము పట్టినవాడు ఏడేడు జన్మలకును స్వామియైన నారాయణుడు. ఆ సంగతి ఒక్కసారి చెప్పినచో నవ్వు తనంతట తానే ఆగును.

ఇక మిగిలినది, ఇన్ని వేడుకల నడుమ వంటయింటి తలుపు చాటున నిలిచియున్న తల్లి. భర్త పోయిన నాటినుండి ఒంటిచేతితో బిడ్డను పెంచి, చదివించి, సంబంధము వెదకి, పెండ్లి ఖర్చంతయు కూర్చినది ఆమె. శుభలేఖపై ఆహ్వానించువారుగా బావగారి పేరు, మరిది పేరు ఉండును. ముహూర్తవేళ ఆమె యెదుట పడరాదందురు. ఎవరును నోరు విడిచి చెప్పనక్కరలేదు, ఆమెయే తప్పుకొనును. తల్లి కనబడక పెండ్లిపీటలపై పిల్ల కన్నులు వెదకుచుండును.

ఇది ధర్మమని ఎవరు చెప్పిరి? కన్యను దానము చేయుటకు అర్హులెవరో యాజ్ఞవల్క్యస్మృతి వరుసగా చెప్పినది. తండ్రి, పితామహుడు, సోదరుడు, వంశమువాడు, తల్లి. ముందటివారు లేనపుడు తరువాతివారికి ఆ యధికారము. తండ్రి లేనపుడు తల్లి కన్యాదానము చేయవచ్చునన్న స్మృతి యెదుట, ఆ తల్లి ముఖము చూడరాదన్న మాట ఎట్లు నిలుచును? ద్రౌపదీ స్వయంవరానంతరము పట్టుపుట్టము కట్టి వచ్చి మ్రొక్కిన క్రొత్తకోడలిని మొట్టమొదట దీవించిన అత్త కుంతి. పాండురాజు అప్పటికి చాల కాలము క్రిందటనే గతించెను. శ్రీరామ పట్టాభిషేకము నాడు సీతమ్మను స్వహస్తములతో అలంకరించినవారు దశరథుని భార్యలే యని వాల్మీకి చెప్పెను. వానర స్త్రీలను సైతము కౌసల్య శ్రద్ధతో అలంకరించినది. దశరథుడు పోయి అప్పటికి పదునాలుగేండ్లు. లోకములన్నియు ఏ దినమును మంగళదినమని కీర్తించుచున్నవో, ఆ దినమున సీత నుదుటికి అలంకారము తీర్చిన చేతులవి. తిరుమలలో శ్రీనివాసుని పెండ్లి సంబంధమునకు ఆకాశరాజు ఇంటికి వెళ్ళినది, పెండ్లి పెద్దయై నిలిచినది వకుళమాత. ఆమె పక్కన భర్తను ఎవరును అడుగలేదు. తిరుపతి చెంత పేరూరుబండపై జీర్ణమైయున్న ఆ తల్లి ఆలయము 2022లో మరల ప్రతిష్ఠ పొందినది. బిడ్డ పెండ్లి కుదిరిన తల్లులు అక్కడికి వెళ్ళి మ్రొక్కుచునే యున్నారు.

ముత్తైదువలు చేయు ఉపచారములు ముత్తైదువలే చేయుదురు గాక, అందులకు ఎవరికిని ఆక్షేపణ లేదు. తల్లి తన బిడ్డ పెండ్లి చూచుటకు, అక్షతలు వేయుటకు, ఆశీర్వదించుటకు ఆ నియమముతో పని యేమి? శుభలేఖ అచ్చునకు ఇచ్చునాడే ఆమె పేరు మొదట వ్రాయించవలెను. పీటల కెదురుగా, పిల్లకు కనబడు చోట ఆమెకు ఆసనము వేయించవలెను. అక్షతలు పంచునపుడు మొదటి గుప్పెడు ఆమె చేతిలో పోయవలెనని పురోహితునకును, చుట్టములలో పెద్దవారికిని వారము ముందుగనే చెప్పియుంచవలెను. ముహూర్తవేళ ఎవరో ఒక పెద్దమ్మ గొణుగుట తప్పదు. ఆమెకు అప్పుడు సమాధానము చెప్పవలసినది తల్లి కాదు. కోడలి ఇంటికి వియ్యంకుడై వచ్చిన వరుని తండ్రి లేచి, "అమ్మా, మీరు ముందు రండి" అని పిలిచినయెడల ఆ గొణుగుడు అక్కడనే ఆగును.